స్టన్ గన్ విప్పి చూస్తే: ఎలా పనిచేస్తుంది, ఎంతవరకు కాపాడుతుంది

మా అక్క కూతురు విశాఖలో రుషికొండ ఐటీ హిల్ మీద నైట్ షిఫ్ట్ చేస్తుంది. తెల్లవారుజామున రెండున్నరకి క్యాబ్ కొమ్మాది దగ్గర మెయిన్ రోడ్డు మీద దించేస్తుంది. అక్కణ్ణుంచి సందులో ఇంటికి నాలుగు నిమిషాల నడక. ఆ నాలుగు నిమిషాల కోసమని ఆన్‌లైన్‌లో ఏదో తెప్పించుకుని, డాబాగార్డెన్స్‌లో ఉన్న నా రిపేర్ షాపుకి పట్టుకొచ్చింది. చూడ్డానికి నల్లటి టార్చిలైట్. తల దగ్గర రెండు లోహపు కొమ్ములు. బటన్ నొక్కితే వాటి మధ్య పటపటమంటూ నీలం నిప్పురవ్వ.

“మావయ్యా, కోటి వోల్టులంట. నిజంగా పని చేస్తాదేటి?”

“కోటి వోల్టులే అయితే నువ్వూ నేనూ ఈపాటికి రోడ్డు మీద ఉండాలమ్మా. ఇలా ఇయ్యి” అని స్క్రూడ్రైవర్ తీశాను.

ఆ మధ్యాహ్నం తనకి చెప్పిందే కాస్త వరసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇన్వర్టర్లు, మిక్సీలు, దోమల బ్యాట్లు బాగుచేసుకునేవాణ్ణి కాబట్టి పరికరం సంగతి నాకు చేతి మీద తెలుసు. చట్టం సంగతి, ఒంటి సంగతి చదివి, తెలిసినవాళ్లని అడిగి తెలుసుకున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చేత్తో పట్టుకుని తాకించే స్టన్ గన్ మనిషిని పడగొట్టే వస్తువు కాదు. పట్టు విడిపించుకోవడానికి ఒకటి రెండు క్షణాలు ఇస్తే ఇస్తుంది, అంతే. ఈ తేడా తెలియకుండా బ్యాగులో వేసుకుంటే లేని ధైర్యం వచ్చి, తప్పుకోవాల్సిన చోట నిలబడిపోతాం.

1. ముందు రెండింటినీ విడదీసి చూడండి

సినిమాల్లో పోలీసు తుపాకీలాంటిది గురిపెట్టగానే ఎదుటివాడు కట్టెలా బిగుసుకుపోయి పడిపోతాడు. అది టేజర్. మార్కెట్లో టార్చిలాగా, సెల్‌ఫోన్‌లాగా దొరికేది స్టన్ గన్. రెండింట్లోనూ కరెంటే ఉంటుంది కానీ పని వేరు.

టేజర్‌ని జాక్ కవర్ అనే అమెరికన్ 1970ల్లో తయారుచేశాడు. తర్వాత 1993లో స్మిత్ అన్నదమ్ములు దాని మీద కంపెనీ పెట్టారు. 2017లో ఆ కంపెనీ పేరు ఆక్సన్‌గా మారింది. టేజర్ మీట నొక్కితే, ఒత్తిడిలో ఉంచిన నైట్రోజన్ వాయువు రెండు చిన్న ముళ్లని ముందుకి విసురుతుంది. ముళ్ల వెనక సన్నటి తీగలుంటాయి. మామూలు జనానికి అమ్మే రకాల్లో తీగ పొడవు సుమారు 15 అడుగులు. ముళ్లు వెళ్తున్నకొద్దీ ఒకదానికొకటి దూరం జరుగుతాయి. ఒకటి ఛాతీ కింద, ఒకటి తొడ మీద గుచ్చుకుందనుకోండి, మధ్యలో ఉన్న కండలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి.

స్టన్ గన్‌కి తీగలూ ముళ్లూ ఉండవు. కొమ్ములు ఒంటికి ఆనాలి. ఆ రెండు కొమ్ముల మధ్య దూరం నాలుగైదు సెంటీమీటర్లకి మించదు. అందుకే కరెంటు ఆ కాస్త మేర చర్మంలో, దాని కింది కండలో తిరిగి వచ్చేస్తుంది. నొప్పి పుడుతుంది, కండ గింజుకుంటుంది. కానీ కాళ్లూ చేతులూ పడిపోవు. టేజర్‌ని కూడా ముళ్లు లేకుండా నేరుగా ఒంటికి ఆనిస్తే అంతే, నొప్పి తప్ప ఇంకేం ఉండదు. పెట్టె మీద రాసింది చదివి కొనేవాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పరు.

2. లోపల ఏముంది

దోమల బ్యాట్ విప్పి చూసినవాళ్లకి స్టన్ గన్ కొత్తగా అనిపించదు. దీన్ని దోమల బ్యాట్‌కి పెద్దన్న అనుకోవచ్చు.

బ్యాటరీ ఇచ్చేది మూడో నాలుగో వోల్టులు, కొన్నింట్లో తొమ్మిది. బ్యాటరీ కరెంటు ఒకే తీరున పారుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పెంచలేదు. అందుకే ఒక ట్రాన్సిస్టర్ దాన్ని సెకనుకి వేలసార్లు ఆపి వదులుతూ ఉంటుంది. బటన్ నొక్కినప్పుడు చెవికి సన్నగా ‘కీ’ మని వినిపిస్తుందే, అది అక్కడి శబ్దం. అలా తెగి తెగి వచ్చే కరెంటుని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వందల వోల్టులకో, వెయ్యి పైకో లేపుతుంది. డయోడ్లు దాన్ని ఒకవైపే పోనిచ్చి కెపాసిటర్‌లో నింపుతాయి. దోమల బ్యాట్‌లో కథ ఇక్కడితో అయిపోతుంది. కెపాసిటర్ రెండు కొసలూ వైరు జాలీకి కలిపేస్తారు, దోమ వచ్చి మధ్యలో పడుతుంది.

స్టన్ గన్‌లో ఇంకో మెట్టు ఉంది. కెపాసిటర్ నిండగానే అందులోని కరెంటంతా ఒక్క దెబ్బన రెండో ట్రాన్స్‌ఫార్మర్‌లోకి దూకుతుంది. అక్కడ వేల వోల్టులై కొమ్ముల దగ్గర నిప్పురవ్వగా తేలుతుంది. మళ్లీ నిండడం, మళ్లీ దూకడం. ఆ పటపట అదే. ఇది మీకు తెలియని విద్యేం కాదు, మీ బైకులో సీడీఐ చేసే పని సరిగ్గా ఇదే. కెపాసిటర్ నింపి ఇగ్నిషన్ కాయిల్‌లోకి వదిలితే ప్లగ్ దగ్గర రవ్వ పుడుతుంది. గ్యాస్ లైటర్ టక్కున నొక్కితే వచ్చే రవ్వ కూడా వేల వోల్టులదే, పుట్టే పద్ధతి వేరనుకోండి.

మా అమ్మాయి (అదే, మేనకోడలు) తెచ్చినది విప్పితే అగ్గిపెట్టెంత నల్లటి దిమ్మ ఒకటి కనిపించింది. రెండో ట్రాన్స్‌ఫార్మర్‌ని రెసిన్ పోసి గట్టిగా మూసేసిన దిమ్మ. అలా మూయకపోతే అంత వోల్టేజీ లోపల లోపలే దారి వెతుక్కుంటుంది. అది సరిగ్గానే ఉంది. నన్ను భయపెట్టింది తోక వైపు. ఛార్జింగ్ కోసం అక్కడ బయటికి జరిగే రెండు పిన్నులున్నాయి. నేరుగా గోడ సాకెట్‌లో గుచ్చడానికి. ఆ పిన్నుల వెనక ఒక కెపాసిటర్, నాలుగు డయోడ్లు, అంతే. ట్రాన్స్‌ఫార్మర్ లేదు. అంటే ఛార్జింగ్‌లో ఉన్నంతసేపూ లోపలి సర్క్యూట్ మొత్తం ఇంటి 230 వోల్టుల లైనుతో కలిసి ఉంటుంది. చవక టార్చిలైట్లలో, దోమల బ్యాట్లలో చాలావాటికి ఇదే ఏర్పాటు. ఛార్జింగ్ పెట్టి ఎవరైనా ‘పనిచేస్తుందా’ అని బటన్ నొక్కినా, కొమ్ములు పట్టుకున్నా, కొట్టేది స్టన్ గన్ షాక్ కాదు, ఇంటి కరెంటు. దాని దగ్గర స్టన్ గన్ షాక్ ఎంత!

“అయితే నేను వారం నుంచి మంచం పక్కనే పెట్టి ఛార్జింగ్ చేస్తున్నానే” అంది.

“ఇకనుంచి చెయ్యకు” అన్నాను. ఇంకేం చెప్పను!

3. స్కేలు పెట్టి కొలవండి

వోల్టుల లెక్క తేల్చడానికి మీటరు అక్కర్లేదు, పిల్లల స్కేలు చాలు. రవ్వ దూకాలంటే గాలిని చీల్చాలి. సెంటీమీటరు గాలిని చీల్చడానికి సుమారు 30 వేల వోల్టులు కావాలి. మా అమ్మాయి దాంట్లో రవ్వ దూకే మేర కొలిస్తే రెండు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. అంటే ఎంత లాగినా 60 వేల వోల్టులు. కొసలు మొనదేలి ఉంటే రవ్వ ఇంకా సులువుగా దూకుతుంది కాబట్టి అసలు సంఖ్య అంతకంటే తక్కువే. నిజంగా కోటి వోల్టులుంటే రవ్వ మూడు మీటర్ల పైచిలుకు దూకాలి. నా షాపు వెడల్పే అంత ఉండదు.

అసలు వోల్టులే కొలబద్ద కాదు. చలికాలంలో స్వెట్టర్ విప్పి తలుపు గొళ్లెం ముట్టుకుంటే ‘చిట్’ మంటుంది చూడండి, అదీ వేల వోల్టులే. ఎవరూ పడిపోలేదు. నీళ్ల ట్యాంకు ఎంత ఎత్తున ఉందన్నది ఒక లెక్క, కుళాయిలోంచి ఎన్ని నీళ్లు పడ్డాయన్నది ఇంకో లెక్క. ఒంట్లోంచి ఎంత కరెంటు, ఎంతసేపు, ఏ దారిన పోయిందన్నదే తేలుస్తుంది.

బాగా పరీక్షలు జరిగిన టేజర్ ఎక్స్‌26 సంగతి చూడండి. దాని మీద 50 వేల వోల్టులని రాస్తారు. అది గాలిలో రవ్వ దూకడానికి. ఒంటికి తగిలాక మిగిలేది సుమారు 1200. సెకనుకి 19 పల్సులు, అంటే కరెంటు తోపులు, ఒక్కోటి సెకనులో పదివేలో వంతు. సగటు కరెంటు సుమారు 2 మిల్లీయాంపియర్లు. మీ ఇంటి మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే లైను ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ ఉంటుంది, దాన్ని 30 మిల్లీయాంపియర్లకి పడిపోయేలా చేస్తారు. గుండె లయ చెడగొట్టడానికి 100 మిల్లీయాంపియర్లు గుండె మీదుగా పోతే చాలు. టేజర్‌లో పల్స్ తారస్థాయికి వెళ్లినప్పుడు కరెంటు ఆంపియర్లలోనే ఉంటుంది. కానీ సెకనులో 99.8 శాతం సేపు కరెంటే ఉండదు. నరాలు ఆ చిన్న తోపులకి స్పందిస్తాయి, గుండె కండరం అంత త్వరగా స్పందించదు. కాపాడేది ఆ తేడానే. చవక స్టన్ గన్‌కి ఇలాంటి పరీక్షలేవీ ఉండవు. కొంటున్నది ఏం ఇస్తుందో పెట్టె మీద రాసింది చూసి చెప్పలేం.

4. ఒంటికి ఎంత ప్రమాదం

‘ప్రాణాపాయం లేనిది’ అని అమ్మేవాళ్లు రాస్తారు. తెలిసినవాళ్లు ‘ప్రాణాపాయం తక్కువది’ అంటారు. ఒక్క మాట తేడా, కానీ చిన్నది కాదు. అమెరికాలో పోలీసులు టేజర్ వాడిన తర్వాత 2001 నుంచి కనీసం 500 మంది చనిపోయారని అమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2012లో లెక్క చెప్పింది. అందరూ కరెంటు వల్లే పోయారని కాదు. చాలామందిలో మత్తుమందులు, గుండె జబ్బు, పెనుగులాట కలిసి ఉన్నాయి. అయినా మళ్లీ మళ్లీ షాక్ ఇవ్వడం, ఎక్కువసేపు పట్టి ఉంచడం ప్రమాదమని తేలింది.

చేతి స్టన్ గన్ అంత దూరం వెళ్లదు. దానివల్ల మామూలుగా మిగిలేది రెండు ఎర్రటి మచ్చలు, నాలుగు రోజుల మంట. కానీ కంటి దగ్గర, గొంతు మీద, తల మీద, గుండెకి ఎదురుగా తాకిస్తే సంగతి వేరు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి, మూర్ఛ వచ్చేవాళ్లకి, గర్భిణులకి అసలు తగలకూడదు. ఇంకొకటి చాలామంది ఆలోచించనిది: షాక్ కంటే పడిపోవడం ప్రమాదం. మన కైలాసగిరి మెట్ల మీదో, డివైడర్ పక్కనో తల కొట్టుకుంటే కరెంటు చేయని పని సిమెంటు చేస్తుంది.

“వాడు నన్ను పట్టుకుని ఉంటే నాకూ కొడతాదా?” అని అడిగింది మా అమ్మాయి. మంచి ప్రశ్న. దాదాపుగా కొట్టదు. కరెంటు ఆ రెండు కొమ్ముల మధ్య దగ్గరి దారినే వెతుక్కుంటుంది. వాడి ఒంటి మీదుగా మీ చేతిలోకి వచ్చి, మళ్లీ కొమ్ముకి చేరేంత తీరిక దానికి ఉండదు. పెనుగులాటలో కొమ్ములు మీ చేతికి తగిలితే మాత్రం కొడుతుంది. వానలో చెయ్యి, పిడి అంతా తడిసి ఉంటే కూడా నమ్మకం లేదు.

నిప్పు సంగతి మరవకండి. పెట్రోలు బంకులో, గ్యాస్ వాసన వస్తున్న చోట, చేతికి శానిటైజర్ పూసుకున్న వెంటనే దీన్ని నొక్కకూడదు. కొన్ని పెప్పర్ స్ప్రేలలో ఆల్కహాలు ఉంటుంది. ముందు స్ప్రే కొట్టి, తర్వాత రవ్వ వేస్తే మనిషి అంటుకోవచ్చు. రెండూ కలిపి వాడొద్దు.

5. బ్యాగులో వేసుకునే ముందు చట్టం

ఆన్‌లైన్‌లో దొరికింది కదా, చట్టం ఒప్పుకున్నట్టేగా అనుకుంటారు. కాదు. మన దేశంలో ఆయుధాల చట్టం 1959 నాటిది. దాని కింద 2016లో వచ్చిన ఆయుధాల నిబంధనలు కరెంటు షాక్‌తో మనిషిని నిలిపేసే పరికరాలని కూడా లెక్కలోకి తీసుకున్నాయి. కాబట్టి దీన్ని టార్చిలైట్‌లా చూడటానికి వీల్లేదు. కొనకముందే పోలీస్ కమిషనరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే విభాగాన్ని, మోడల్ పేరుతో సహా, కాగితం మీద అడగండి. జవాబు వచ్చేదాకా బ్యాగులో వేసుకుని తిరగకండి. అమ్మినవాడి ‘లీగల్ ఇన్ ఇండియా’ స్టిక్కర్ స్టేషన్‌లో పనికిరాదు.

మా మేనకోడలికి కూడా ఇదే చెప్పాను. ఇక్కడి తనిఖీల సంగతి తెలిసిందేగా. విమానాశ్రయంలో స్టన్ గన్ చేతి సామానులో నిషేధం. స్టీల్ ప్లాంటు, పోర్టు గేట్ల దగ్గర సీఐఎస్‌ఎఫ్ వాళ్లు బ్యాగు తెరిపిస్తారు. ఆత్మరక్షణకి పెట్టుకున్నానని చెప్పుకునేలోపు సగం రోజు పోతుంది, టెన్షన్ ఒకటి ఉచితం.

వాడటం గురించి కూడా చట్టం ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. మన ఒంటిని కాపాడుకోవడం నేరం కాదు. కానీ కాపాడుకోవడానికి అవసరమైనదాని కంటే ఎక్కువ హాని చేయకూడదు, ఇది 37వ సెక్షన్. ప్రమాదం ఉందన్న భయం ఉన్నంతసేపే ఆ హక్కు. వాడు వెనక్కి తిరిగి పారిపోతుంటే వెంటపడి షాక్ పెడితే అది ఆత్మరక్షణ అనిపించుకోదు. మాటకి మాట అన్నవాడి మీద, పార్కింగ్ గొడవలో, ఇంట్లో తగువులో దీన్ని తీస్తే కేసు మీ మీదే.

పిల్లలు బయటి దేశాల్లో చదువుకుంటున్న ఇళ్లు మన ఊళ్లో చాలా. వాళ్లకో మాట. అమెరికాలో రాష్ట్రానికో రకం. కైటానో కేసులో 2016లో అక్కడి సుప్రీంకోర్టు, స్టన్ గన్ నిషేధాన్ని సమర్థిస్తూ మసాచుసెట్స్ కోర్టు ఇచ్చిన తీర్పుని కొట్టేశాక నిషేధాలు ఒక్కొక్కటే సడలాయి. అయినా వయసు, క్యాంపస్ నియమాలు వేరే ఉంటాయి. బ్రిటన్‌లో మాత్రం స్టన్ గన్ దగ్గర ఉంచుకోవడమే నేరం, 1968 నాటి ఫైరార్మ్స్ చట్టం ప్రకారం అది నిషిద్ధ ఆయుధం. లండన్ వెళ్లే అమ్మాయి సూట్‌కేసులో అమ్మ ప్రేమగా పెట్టి పంపకూడని వస్తువు అది.

6. చట్టప్రకారం చేతిలో ఉంటే, ఇలా చూసుకోండి

ముందు బ్యాటరీ. ఊరికే పెట్టేసినా అది నెమ్మదిగా దిగిపోతుంది. నెలకోసారి నింపండి. గోడ సాకెట్‌లో నేరుగా గుచ్చే రకమైతే నా సలహా ఒకటే, వద్దు. యూఎస్‌బీ తీగతో ఛార్జ్ అయ్యేది తీసుకోండి, అందులో మంచి అడాప్టర్ ఇంటి లైనుని విడిగా ఉంచుతుంది. ఛార్జింగ్‌లో ఉండగా బటన్ జోలికి వెళ్లొద్దు.

నెలకోసారి గాలిలో ఒక్క సెకను నొక్కి చూడండి. రవ్వ గట్టిగా, నీలంగా, ఆగకుండా రావాలి. ఆగి ఆగి వస్తే బ్యాటరీ చూడాలి. సరదాకి పది సెకన్లు పట్టి ఉంచితే లోపలి రెసిన్ దిమ్మ వేడెక్కి పగులుతుంది. తర్వాత రవ్వ బయటికి రాకుండా పిడిలోనే తిరుగుతుంది, తెలుస్తుంది కదా ఎక్కడ కొడుతుందో.

విశాఖలో ఉండేవాళ్లకి ప్రత్యేకంగా ఒకటి. మన గాలిలో ఉప్పు ఉంది. బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో గేటు తాళాలు, బాల్కనీ గ్రిల్స్ ఏడాదికే ఎలా తుప్పు పడతాయో చూస్తూనే ఉన్నారు. స్టన్ గన్ కొమ్ములకీ, స్విచ్ లోపలి పలకలకీ అదే గతి. కొమ్ముల మీద పచ్చటి పొర పట్టి ఉంటే పొడి గుడ్డతో తుడవండి, బ్యాటరీ తీశాకే. ప్లాస్టిక్ మీద ఉప్పు తేమ పట్టి ఉంటే రవ్వ గాలిలో కాకుండా ఆ తేమ మీదుగా పాకుతుంది. వాడని రోజుల్లో మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి.

సేఫ్టీ స్విచ్ రెండు మెట్లది కావాలి, ముందు జరపాలి, తర్వాత నొక్కాలి. ఒకే బటన్ రకాలు బ్యాగులో తాళాలు తగిలి వాటంతటవే ఆన్ అయిపోతాయి. కొన్నింటికి చేతి పట్టీకి కట్టిన పిన్ను ఉంటుంది. ఎవడైనా లాక్కుంటే పిన్ను ఊడి పరికరం చచ్చిపోతుంది. నన్నడిగితే ఆ పిన్ను లేనిది కొనకూడదు. లాక్కోవడమే ఎక్కువగా జరుగుతుంది మరి. ఇంట్లో పిల్లలుంటే బీరువాలో, తాళంలో. టార్చిలైట్‌లా కనిపించే రకం పిల్లలకి మరీ ప్రమాదం, కరెంటు పోగానే ముందు అదే తీస్తారు.

7. ఆ క్షణం వస్తే

దీన్ని తాకించాలంటే మీరు వాడి చేతికి అందేంత దగ్గరలో ఉండాలి. స్టన్ గన్‌లో పెద్ద లోపం ఇదే. దూరం ఉంటే స్టన్ గన్ గురించి ఆలోచించకండి, పరుగెత్తండి, అరవండి. వెలుతురున్న వైపు వెళ్లండి, టిఫిన్ బండి ఉంటే అటు, ఆటో స్టాండు ఉంటే అటు.

వాడు పట్టుకున్నాక, విడిపించుకునే దారి లేనప్పుడే దీని పని. రెండు కొమ్ములూ గట్టిగా ఆనాలి, ఒకటి తేలినా లాభం లేదు. తొడ, పిరుదు, భుజం వెనక లాంటి కండ ఎక్కువున్న చోట అదిమి పట్టాలి. పలచని నూలు చొక్కా మీదుగా పోతుంది, జీన్స్ మీదుగా కొంత. రెయిన్‌కోటు, మందపాటి జాకెట్ అయితే ఆగిపోవచ్చు. తాకగానే ఎవరైనా ఒక్క ఉదుటున వెనక్కి గుంజుకుంటారు. అంటే రెండు మూడు సెకన్లు అదిమి ఉంచడం మాటల్లో చెప్పినంత సులువు కాదు. తాగి ఉన్నవాడికి నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది, ఒక్కోసారి తెలియనే తెలియదు. వాడి పట్టు సడలిన క్షణమే మీది. పడిపోయాడా లేదా అని చూస్తూ నిలబడొద్దు. బటన్ వదిలి పరుగెత్తాలి.

గాలిలో పటపటలాడించి బెదిరిస్తే పారిపోతారని అమ్మేవాళ్ల వీడియోల్లో చూపిస్తారు. పారిపోవచ్చు. లేదా మీ దగ్గర ఏముందో ముందే తెలుసుకుని, మొదట ఆ చెయ్యే పట్టుకోవచ్చు. చూపించి బెదిరించడం నాకు నచ్చదు.

సాధన చేయాలంటే బ్యాటరీ తీసేసి చేయండి. బ్యాగులోంచి తీయడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి. మా అమ్మాయికి మొదటిసారి తొమ్మిది సెకన్లు పట్టింది. జిప్పు, ఐడీ కార్డు తాడు, హెడ్‌ఫోన్ తీగ, టిఫిన్ డబ్బా, అన్నీ దాటితే గానీ చేతికి రాలేదు. తొమ్మిది సెకన్లలో సందులో ఏమైనా జరగొచ్చు.

8. తర్వాత

సురక్షితమైన చోటికి చేరగానే 112. ఎక్కడున్నారో మొదట చెప్పండి, ఏం జరిగిందో తర్వాత. మహిళలకి 181 కూడా ఉంది. రాష్ట్ర పోలీసుల శక్తి యాప్‌లో ఎస్‌ఓఎస్ బటన్ ఉంది. చాలా స్మార్ట్‌ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ ఆన్ చేసుకుంటే పవర్ బటన్ వరసగా నొక్కినప్పుడు కాల్ వెళ్తుంది. ఈ పని ఇప్పుడే, ఇది చదవడం ఆపి, చేసుకోండి.

స్టన్ గన్ వాడానని దాచకండి. ఎంతసేపు, ఎక్కడ తాకించారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఏ స్టేషన్ పరిధి అన్న గొడవ వస్తే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని కొత్త నాగరిక్ సురక్ష సంహితలో 173వ సెక్షన్ చెబుతోంది.

పొరపాటున ఇంట్లో ఎవరికైనా తగిలితే ముందు పరికరం దూరం పెట్టండి. మచ్చ ఉన్న చోట చల్లటి నీళ్లు పోయండి. ఛాతీలో బరువు, గుండె దడ, స్పృహ తప్పడం, ఊపిరి సరిగా ఆడకపోవడం ఉంటే, లేదా ఆ మనిషికి పేస్‌మేకర్ ఉంటే, 108కి ఫోన్ చేయండి. కడుపుతో ఉన్నావిడకి తగిలితే బాగానే ఉందనిపించినా డాక్టర్ చూడాలి. ఛార్జింగ్‌లో ఉండగా తగిలితే అది ఇంటి కరెంటు షాక్ కింద లెక్క. మెయిన్ ఆపాకే మనిషిని ముట్టుకోండి.

9. బదులు ఏం పెట్టుకోవచ్చు

మా అమ్మాయికి నేను కొనిచ్చింది పెప్పర్ స్ప్రే, ఒక పెద్ద విజిల్. స్ప్రే మిరపకాయ ఘాటుతో చేసింది, రెండు మూడు మీటర్ల దూరం నుంచే పనిచేస్తుంది. తాకేంత దగ్గరికి రానివ్వనక్కర్లేదు. నాకు అదొక్కటే చాలు, స్టన్ గన్ కంటే నయమనడానికి.

కానీ దానికీ ఒక శత్రువు ఉంది, గాలి. విశాఖలో పగలంతా గాలి సముద్రం మీంచి ఊరి మీదికి వీస్తుంది. ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి సాయంత్రం స్ప్రే కొడితే సగం మీ కళ్లలోకే. రాత్రి ముదిరేకొద్దీ గాలి తిరగబడి నేల మీంచి సముద్రం వైపు వెళ్తుంది. షిఫ్ట్ దిగే వేళకి మీ సందులో గాలి ఎటు ఉంటుందో నాలుగు రోజులు గమనించండి. జెల్ రకం స్ప్రే తీసుకుంటే గాలికి అంతగా చెదరదు. డబ్బా మీద గడువు తేదీ చూడండి, గడువు దాటితే లోపల ఒత్తిడి తగ్గి చిమ్మదు, కారుతుంది. ఒకసారి డాబా మీద, ముక్కుకి గుడ్డ కట్టుకుని, గాలివాలుకి అర సెకను నొక్కి చూడండి. దాన్ని బ్యాగు లోపల కాదు, పట్టీకి బయట కట్టుకోవాలి. మా అమ్మాయికి ఇప్పుడు తీయడానికి ఒకటిన్నర సెకను.

క్యాబ్ సంగతి కూడా మాట్లాడాం. నాలుగు నిమిషాల నడక ఎందుకుండాలి? తను ఆఫీసులో అడిగితే, రాత్రి షిఫ్ట్ ఆడవాళ్లని గుమ్మం దాకా దించాలన్న మాట వాళ్ల రవాణా కాగితాల్లోనే ఉంది. డ్రైవర్ సందు ఇరుకని మెయిన్ రోడ్డు మీదే ఆపేస్తున్నాడంతే. ఇప్పుడు ఇంటి ముందే దిగుతోంది.

10. పాత స్టన్ గన్‌ని ఏం చేయాలి

చెత్తబుట్టలో వేయొద్దు. ఎవడో పిల్లాడు ఏరుకుని నొక్కుతాడు. బ్యాటరీ విడిగా ఊడే రకమైతే దాన్ని తీసి కొసలకి టేపు చుట్టండి. కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు బ్యాటరీ తీశాక కూడా కాసేపు ఉంటుంది కాబట్టి సొంతంగా విప్పొద్దు. నాలాంటి రిపేరువాడి దగ్గరికి తీసుకెళ్తే రెసిస్టర్ ఆనించి దాన్ని ఖాళీ చేస్తాడు, ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవర్‌తో రెండు కొసలూ కలిపి చూస్తాడు, టక్‌మంటే ఇంకా ఉన్నట్టు. మా అమ్మాయిది నేను ఖాళీ చేసినప్పుడు కూడా ఒకసారి టక్‌మంది, విప్పి గంట దాటాక. తర్వాత బ్యాటరీ, బోర్డు విడదీసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేశాను. టార్చి బల్బు మాత్రం బాగుంది, దాన్ని షాపులో సోల్డరింగ్ బల్ల మీద బిగించుకున్నా.